తెతెబాతు: ఉండటానికి బాగుంది, కొనడానికి కాదు

ఇండోనేషియా అనగానే మనవాళ్లకి బాలి, బాలి అనగానే ఊయల మీద ఫొటో. పక్క దీవి లొంబోక్ దాకా వెళ్లినవాళ్లు కూడా ఎక్కువగా గిలి దీవుల దగ్గరో, దక్షిణాన బీచ్‌ల దగ్గరో ఆగిపోతారు. సముద్రం లేని ఊరికి ఎవరు వెళ్తారని అనుకుంటాం. తెతెబాతుకి సముద్రం లేదు. 3,726 మీటర్ల రింజాని అగ్నిపర్వతానికి దక్షిణపు వాలులో, వరి మడుల మధ్య ఉన్న ఊరు అది. ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాలను ఎంపిక చేసినప్పుడు ఇండోనేషియా పంపిన పేర్లలో ఇదీ ఉంది. చివరికి ఎంపికైంది మాత్రం జావాలోని న్‌గ్లంగెరన్. ఆ గుర్తింపు రాకపోవడమే ఊరికి మంచిదైందని నాకనిపిస్తుంది. బస్సుల్లో దిగి, గంటలో చూసేసి వెళ్లిపోయే జనం ఇంకా ఇక్కడికి చేరలేదు.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌లో విమానం మారితే బాలితో పని లేకుండా నేరుగా లొంబోక్‌లో దిగొచ్చు. మనకి వీసా అక్కడే ఇస్తారు. 30 రోజులకి 5 లక్షల రుపియా, ఇంకో 30 రోజులు ఒకసారి పొడిగించుకోవచ్చు. నేను వెళ్లినప్పుడు లక్ష రుపియా అంటే మన డబ్బుల్లో 550 రూపాయల దగ్గర ఉంది. విమానాశ్రయం నుంచి ఊరికి గంటన్నర దారి. యాప్ కార్లు మతరాం నగరం చుట్టుపక్కల బాగానే దొరుకుతాయి గానీ, పల్లె నుంచి తిరుగు ప్రయాణానికి వాటిని నమ్ముకోవద్దు. మనం దిగే ఇంటివాళ్లకి ముందే మెసేజ్ పెడితే వాళ్ల తమ్ముడో బావమరిదో కారు తెస్తాడు.

ఉండటానికి రకరకాల చోట్లున్నాయి. ఊరి పైభాగంలో 1920ల్లో సోజోనో అనే జావా డాక్టర్ కట్టించుకున్న పాత బంగళా అతిథి గృహంగా మారింది. తూర్పు లొంబోక్ జిల్లా కేంద్రం సెలోంగ్‌లోని ప్రభుత్వాసుపత్రికీ ఆయన పేరే. చరిత్ర మీద మోజున్నవాళ్లకి అది నచ్చుతుంది. వెదురు, తాటాకు లాంటి కప్పుతో, ధాన్యం గాదె ఆకారంలో కట్టిన కాటేజీలు మరో రకం. ఫొటోలకి బ్రహ్మాండం, రాత్రి దోమలకీ తలుపులు బార్లా తెరిచినట్టే. ఒక బుకింగ్ సైట్‌లో 'పొలాల మధ్య విల్లా' అని పెట్టిన గది చూడబోతే, కిటికీ ఎదురుగా మరో విల్లాకి పిల్లర్లు లేస్తున్నాయి. కాబట్టి ఫొటో చూసి డబ్బు కట్టకండి, నిన్నటి ఫొటో ఒకటి పంపమని అడగండి.

నా ఓటు మాత్రం కుటుంబం నడిపే ఇళ్లకే. టిఫిన్‌తో కలిపి రెండు నుంచి మూడున్నర లక్షల రుపియా. ఏసీ ఉండదు, ఆ చల్లదనానికి అక్కర్లేదు కూడా. చాలా ఇళ్లలో తొట్టి, చెంబు స్నానమే. మనకి కొత్తేం కాదు, నీళ్లు మాత్రం ఒళ్లు జలదరించేంత చల్లగా ఉంటాయి. కరెంటు మీటరు ప్రీపెయిడ్. బ్యాలెన్స్ అయిపోవస్తే కుయ్ కుయ్‌మని అరుస్తుంది. రాత్రి పదకొండుకి అది మొదలైతే ఇంటాయన ఫోన్‌లో టోకెన్ కొని ఇరవై అంకెలు నొక్కేదాకా ఎవరికీ నిద్ర ఉండదు. ఊరివాళ్లు ససక్ అనే స్థానిక జాతివాళ్లు, ముస్లింలు. ఇక్కడ మసీదులు ఎన్నో, మైకులూ అన్ని. తెల్లవారుజామున ఒక దిక్కున అజాన్ మొదలైతే మిగతా దిక్కులూ అందుకుంటాయి. చిన్న చప్పుడుకే మెలకువ వచ్చేవాళ్లు మసీదుకి దూరంగా ఉండే గది అడగాలి. తలుపు దగ్గర చెప్పులు విడవడం, కుడిచేత్తో ఇవ్వడం తీసుకోవడం మనకి నేర్పక్కర్లేదు. పెద్దాయన్ని 'పాక్', ఇంటావిడని 'ఇబు' అంటే చాలు, మొహాలు విప్పారతాయి.

తిండి విషయంలో శాకాహారులకి కాస్త టెన్షనే. తూటికూరని ఉడికించి, పచ్చి టమాటా, మిరపకాయల కారం వేసిచ్చే 'ప్లెచింగ్ కంకుంగ్' మన నాలుకకి అచ్చంగా సరిపోతుంది. కానీ ఆ కారంలో రొయ్యల ముద్ద పడుతుంది. 'తన్‌పా తెరాసి' అని ముందే చెప్పాలి, అంటే అది వెయ్యొద్దని. పులియబెట్టిన సోయా గింజలతో చేసే తెంపే, సోయా పాలతో చేసే టోఫూ రోజూ ఉంటాయి. పెరుగు మాత్రం మర్చిపోండి. రంజాన్ నెలలో పగటిపూట హోటళ్లు దాదాపు మూసే ఉంటాయి.

పొద్దున్నే ఒక గైడ్‌ని తీసుకుని గట్ల మీద నడవడమే ఇక్కడి అసలు సరదా. జెరుక్ మానిస్ జలపాతం దాకా అడవి దారి బాగుంటుంది, నల్ల కోతులు కనపడితే అదృష్టం. మాది ప్రకాశం జిల్లా కావడం వల్లేమో, నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే పొగాకు బ్యారన్ల దగ్గర. తూర్పు లొంబోక్‌లో వరి కోత అయ్యాక, వానల్లేని నెలల్లో వర్జీనియా పొగాకు వేస్తారు. ఎత్తైన ఇటుక గదులు, లోపల కర్రలకి కట్టి వేలాడదీసిన ఆకు, కింద పొయ్యి, రాత్రంతా మంట చూసుకుంటూ కూర్చున్న మనుషులు. కంపెనీ ఏ గ్రేడు వేస్తుందోనన్న వాళ్ల దిగులు కూడా మా ఊరిదే. టంగుటూరు నుంచి ఎవరినైనా తీసుకెళ్లి నిలబెడితే ఒక్క మాట రాకపోయినా గంటసేపు కబుర్లు చెప్పుకుంటారు.

ఇక భూమి సంగతి. ఊళ్లో రెండో రోజుకే ఎవరో ఒకరు 'మా మామయ్య పొలం అమ్మకానికి ఉంది, రింజాని నేరుగా కనపడుతుంది' అంటారు. ధర 'అరె' లెక్కన చెప్తారు. ఒక అరె వంద చదరపు మీటర్లు, అంటే మన రెండున్నర సెంట్లకి కాస్త తక్కువ. మన నగరాల రేట్లతో పోల్చుకుని ఆశ పుట్టడం సహజం. కానీ అక్కడి 1960 నాటి భూ చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకే. ఊరివాళ్ల పేరు మీద కొని లోపల ఒక కాగితం రాయించుకునే పద్ధతి చాటుగా నడుస్తూనే ఉంది. మన ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని 1/70 చట్టం ఉండగా గిరిజనుల పేరు మీద బినామీగా కొంటారే, అదే బాపతు. తేడా వస్తే కోర్టులో ఆ కాగితం నిలవదు. పరోక్షంగా విదేశీయుడికి చేసిన బదిలీ చెల్లదని, ఆ భూమి ప్రభుత్వానికి పోతుందని చట్టంలోనే ఉంది.

విదేశీయుడికి చట్టబద్ధంగా ఉన్న దారులు వేరు. నివాస అనుమతి ఉంటే కాలపరిమితితో వాడుకునే హక్కు తీసుకోవచ్చు. పాతిక, ముప్పై ఏళ్లకి లీజు రాయించుకోవచ్చు. కంపెనీ పెట్టే దారీ ఉంది గానీ, భూమి, భవనాలు కాకుండానే వెయ్యి కోట్ల రుపియాకి పైగా పెట్టుబడి చూపించాలి. మన లెక్కలో అది ఐదు కోట్ల పైమాటే. లీజు తీసుకున్నా పని తేలిగ్గా అవదు. పల్లెల్లో చాలా భూమి తాత పేరు మీదే ఉంటుంది. పంపకాలు కాని పొలానికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకం పెట్టాలి, వాళ్లలో ఒకరు మలేషియాలో కూలికి వెళ్లి ఉంటారు. భూమి ఆఫీసులో సర్టిఫికెట్ ఉందా, ఆ మడి సాగు భూమిగా రక్షణలో ఉందా, దారి ఎవరిది, కాలవ నీళ్లు ఎవరి వంతు అన్నవి నోటరీతో చూపించుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు. నన్నడిగితే ఇవేవీ వద్దు. నెలవారీగా గది మాట్లాడుకుంటే రోజు అద్దె కంటే చాలా తగ్గిస్తారు. ఆ అద్దె అదే ఇంట్లో మిగులుతుంది, వాళ్ల పొలం వాళ్ల చేతిలోనే ఉంటుంది.

పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఒకటి ఆలోచించుకోవాలి. దగ్గర్లో ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే, సెలోంగ్‌లో ప్రభుత్వాసుపత్రి ఉన్నా పెద్ద వైద్యం కావాలంటే మతరాం నగరం దాకా పోవాలి. ఏటీఎం కోసం కింద ఊళ్లు కొతరాజాకో మస్‌బగిక్‌కో దిగాలి, ఊళ్లో అంతా నోట్లతోనే. స్కూటర్ అద్దెకి ఎవరైనా ఇచ్చేస్తారు, లైసెన్స్ అడగరు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం మొదట అడిగేది అదే. పచ్చని మడులు కావాలంటే ఏప్రిల్, మే చూసుకోండి. బ్యారన్లు మండుతుండగా చూడాలంటే ఆగస్టులో వెళ్లండి. రింజాని ఎక్కడానికే వచ్చేవాళ్లకి తెతెబాతు కంటే సెంబలున్ అనే ఊరు దగ్గర.