బండల హాల్లో హోమ్ థియేటర్: ఆరేళ్లు వాడాక

మాది కర్నూలు. హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, స్లాబు ఎత్తు 10. కింద పాలిష్ పట్టించిన బేతంచెర్ల బండలు, చుట్టూ సిమెంటు గోడలు, ఒక పక్క గాజు తలుపుల షోకేస్. మన వైపు చాలా ఇళ్లు ఇట్లాగే ఉంటాయి కాబట్టే ఇదంతా రాస్తున్నా. వీడియోల్లో చూపించే హాళ్లలో చెక్క నేల, మందపాటి తివాచీ, గుడ్డ సోఫాలు ఉంటాయి. అక్కడి సెట్టింగులు తెచ్చి బండల మీద పెడితే పనిచేయవు.

2019 దసరాకు హైదరాబాద్ వెళ్లి, షాపులో గంటసేపు విని కొన్నా. యమహా ఆర్ఎక్స్-వీ385 రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే ఆంప్లిఫయర్ పెట్టె), ముందుకు వార్ఫ్‌డేల్ డైమండ్ 220 జత, టీవీ దగ్గర మాటల కోసం ఒక సెంటర్ స్పీకర్, వెనకకు రెండు చిన్నవి, బేస్ కోసం 10 అంగుళాల సబ్ వూఫర్. షాపులో గొంతు ఎంత శుభ్రంగా వినిపించిందో, ఇంటికి తెచ్చి పెట్టిన మొదటి రాత్రి అంత గందరగోళంగా ఉంది. మాటలు బావిలోంచి వస్తున్నట్టున్నాయి. వాల్యూమ్ పెంచితే మాట కంటే మోతే పెరుగుతోంది. అప్పుడే స్పీకర్లు మార్చేద్దామా అన్నంత టెన్షన్ పడ్డా.

మార్చకపోవడమే మంచిదైంది. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టి చూడండి. మా ఇంట్లో చప్పట్టు ఆగిపోయాక కూడా ‘ట్రింగ్’ మని సన్నటి శబ్దం గోడకూ గోడకూ మధ్య తిరిగేది. ఆ తిరుగుడు ఉన్నంతవరకు లక్ష రూపాయల స్పీకరు తెచ్చినా అంతే. ముందు సోఫాకూ టీవీకీ మధ్య ఒక పెద్ద జంఖానా పరిచాం. పల్చటి గుడ్డ పై స్థాయి శబ్దాన్నే కొంచెం పీలుస్తుంది కాబట్టి దాని కింద పాత పత్తి బొంత వేశాం. కిటికీలకు మడతలు ఎక్కువ వచ్చేలా మందపాటి కర్టెన్లు కుట్టించాం. సోఫా వెనక గోడకు కార్పెంటర్‌తో రెండు చెక్క ఫ్రేములు చేయించి, లోపల రెండు అంగుళాల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పలక) నింపి, పైన గుడ్డ బిగించాం. రాక్‌వూల్ ముట్టుకునేటప్పుడు చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు ఉండాలి, లేకపోతే దురద వదలదు. గుడ్డు అట్టలు మాత్రం అంటించకండి, వాటివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఈ పనులన్నిటికీ అయిన ఖర్చు సబ్ వూఫర్ ధరలో సగం కూడా లేదు, కానీ నా లెక్కలో వచ్చిన తేడాలో ముప్పావు వంతు వీటిదే.

తర్వాత స్పీకర్ల స్థానం. రెండింటి మధ్య 8 అడుగులు, సోఫాకు దాదాపు 9 అడుగులు, ట్వీటర్ (సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం) మనం కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో, ముఖం కొంచెం లోపలికి తిప్పి. ఇది సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి నేను ఘంటసాల పాటలు పెడతా. ఆ కాలం సినిమా పాటల్లో చాలావరకు మోనో రికార్డింగులు, రెండు స్పీకర్లకూ ఒకటే శబ్దం పోతుంది, కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలి. రిసీవర్‌ను స్టీరియోలో పెట్టి, అంటే సెంటర్ స్పీకర్ ఆపేసి వినాలి. మాకు గొంతు ఎడమకు ఒరిగింది, ఎందుకంటే ఎడమ స్పీకరు పక్కనే షోకేస్ గాజు ఉంది. స్పీకర్‌ను జానెడు ఇవతలికి జరిపి, గాజుకు అడ్డంగా కర్టెన్ వేశాక ఘంటసాల టీవీ మధ్యలోకి వచ్చి కూర్చున్నారు. ఆ రోజు మా నాన్న సెంటర్ స్పీకరు మోగుతోందనుకుని దగ్గరికి వెళ్లి చెవి పెట్టి చూశారు.

సోఫాను గోడకు ఆనించొద్దు. గోడ దగ్గర బేస్ ఉబ్బిపోతుంది. మేము రెండడుగులు ముందుకు జరిపాం. ‘నడింట్లో సోఫా ఏందిరా’ అని అమ్మ నెల రోజులు అనింది, ఇప్పుడు ఆ సందులో దివాన్ పరుపు నిలబెట్టుకుంటుంది, అదీ మంచిదే, పరుపు బేస్‌ను కొంత మింగుతుంది.

సబ్ వూఫర్‌ను మొదట మూలలో పెట్టా, అందరూ అక్కడే పెడతారు. దెబ్బకు అటక మీది స్టీలు సామానంతా మోగింది. హాలుకు తనదైన మోత ఉంటుంది. శబ్దం సెకనుకు సుమారు 1,125 అడుగులు పోతుంది, దాన్ని హాలు పొడవుకు రెట్టింపుతో భాగిస్తే, మాకు 28తో, 40 హెర్ట్జ్ వచ్చింది. ఆ స్వరం దగ్గర గది తనే ఊగుతుంది. చోటు వెతకడానికి ఒక పద్ధతి ఉంది. సబ్‌ను సోఫాలో మనం కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, గోడ వెంబడి వంగి పాకుతూ వినాలి. ఎక్కడ బేస్ సాఫీగా, ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తే సబ్ అక్కడ పెట్టాలి. మాకు ఎడమ గోడ వెంబడి, దాని పొడవులో మూడో వంతు దూరంలో కుదిరింది. కింద రబ్బరు మ్యాట్ వేశాక పక్కింటివాళ్ల ఫిర్యాదు కూడా ఆగింది.

వైర్ల విషయం. ఏడాదిన్నర వరకు వెనక ఎడమ స్పీకరు ప్లస్ మైనస్ తారుమారై ఉందని తెలియలేదు, వెనక శబ్దం ఎప్పుడూ పలచగా, ఎటు నుంచి వస్తోందో తెలియకుండా ఉండేది. రిసీవర్ ఆపి, అక్కడ వైర్లు ఊడదీసి, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని ఆ వైరు కొసలకు ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలితే వూఫర్ కోను బయటికి వస్తుంది, లోపలికి పోతే తిరగబడ్డట్టే. ఇంకొకటి, టీవీలో డిజిటల్ ఆడియో సెట్టింగ్ పీసీఎం అని ఉంటే ఏఆర్‌సీ వైరులో (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు తెచ్చే హెచ్‌డీఎంఐ వైరు) రెండు చానళ్లే వస్తాయి. ఓటీటీలో 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్) అని రాసి ఉన్నా వెనక స్పీకర్లు ఊరికే ఉంటే మొదట అక్కడ చూడండి.

యమహాలో మైకు పెట్టి గదిని కొలిచి స్పీకర్లను తనే సర్దే వైపీఏఓ బాగా పనిచేస్తుంది, కానీ ఫ్యాన్లు, కూలరు అన్నీ ఆపి, తెల్లవారుజామున వీధి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చేయాలి. మైకు సోఫా మీద చెవి ఎత్తులో ఉండాలి. అయ్యాక స్పీకర్లన్నీ ‘స్మాల్’ చేసి క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టుకున్నా, అంటే అంతకంటే కింది బేస్ సబ్‌కు పోతుంది, సెంటర్ 2 డీబీ పెంచా. ఎండాకాలంలో కూలరు మోతకు మాటలు మునిగిపోతాయి కాబట్టి ఆ మూడు నెలలు ఇంకో డీబీ.

ఎండాకాలమంటే గుర్తొచ్చింది. కార్పెంటర్ టీవీ యూనిట్‌కు అందంగా తలుపులు పెట్టాడు. మొదటి మే నెలలో సినిమా మధ్యలో రిసీవర్ వేడెక్కి తనంతట తనే ఆగిపోయింది. తలుపులు తీసేయించి పైన అడుగు ఖాళీ వదిలాం, అప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. సబ్ వూఫర్ మాత్రం నాలుగో ఏడు కరెంటు పోయి వచ్చినప్పుడు చచ్చిపోయింది. కంపెనీ సర్వీసువాళ్లు బోర్డు మొత్తం మార్చాలన్నారు, బోర్డు దొరకదనీ అన్నారు. మా వీధి టీవీ మెకానిక్ ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చి సాయంత్రానికి మోగించాడు. ఆ మర్నాడే మొత్తానికి కలిపి ఒక స్టెబిలైజర్ పెట్టా.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు టీవీ గోడలో ముప్పావు అంగుళం పైపు వేయించకండి. మాకు స్పీకరు వైరు పోయింది గానీ హెచ్‌డీఎంఐ ప్లగ్గు పట్టలేదు, చివరికి గోడ పగలగొట్టాల్సి వచ్చింది. ఒకటిన్నర అంగుళం పైపు వేసి, వంపులు తక్కువ పెట్టించి, లోపల ఒక లాగుడు తీగ వదలమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. ప్లాస్టరింగ్‌కు ముందు గోడలన్నిటికీ కొలత టేపు ఆనించి ఫోటోలు తీసి పెట్టుకోండి, మేకు కొట్టే ప్రతిసారీ అవసరం పడతాయి.