తకెమిత్సు ముందా, హొసొకవా ముందా?

జపాన్ సంప్రదాయం, పాశ్చాత్య సంగీతం కలిసిన రచనలు వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ప్రశ్నకు ఎక్కువమంది చెప్పే పేరు జపాన్ స్వరకర్త తోరు తకెమిత్సు (1930–1996). నేను మాత్రం ముందు మరో జపాన్ స్వరకర్త తోషియో హొసొకవాను వినమంటాను.

తకెమిత్సు 'నవంబర్ స్టెప్స్' గొప్పదే, అందులో సందేహం లేదు. 1967లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ 125వ వార్షికోత్సవం కోసం రాశారు. బివా అనే తంత్రీవాద్యం, షాకుహాచి అనే వెదురు పిల్లనగ్రోవి ఒకపక్క, ఆర్కెస్ట్రా ఒకపక్క. ఆయన రెండిటినీ కలిపేయలేదు, ఎదురెదురుగా నిలబెట్టారు. చివరికొచ్చేసరికి ఆర్కెస్ట్రా ఊరుకుంటుంది, ఆ ఇద్దరే చాలాసేపు వాయిస్తారు. బివా తీగ మీటినప్పుడు వచ్చే జుమ్మనే గరగరను 'సవారి' అంటారు. తంబురా తీగ కింద నూలుపోగు సర్దడం చూసిన మన చెవికి ఆ రుచి కొత్త కాదు.

హొసొకవా 1955లో హిరోషిమాలో పుట్టారు. బెర్లిన్‌లో కొరియన్ స్వరకర్త ఇసాంగ్ యున్ దగ్గర చదువుకున్నారు. ఆయన 'ల్యాండ్‌స్కేప్ 5' (1993) షో అనే వాద్యానికి, నాలుగు తీగవాద్యాలకు రాసింది. షో అంటే గుత్తిగా కట్టిన 17 వెదురు గొట్టాలు. ఊపిరి పీల్చినా, వదిలినా పలుకుతుంది, కాబట్టి నాదం తెగదు. లోపల తడి చేరితే మూగబోతుంది, అందుకే కళాకారులు దాన్ని మధ్యమధ్యలో చిన్న కుంపటి మీద తిప్పుతూ వెచ్చబెట్టుకుంటారు. ఈ రచనలో వయొలిన్లు కూడా ఊపిరి తీస్తున్నట్టే వినిపిస్తాయి. నిశ్శబ్దంలోంచి మెల్లగా లేచి, మళ్లీ అందులోకే జారిపోతాయి. స్వరాన్ని ఆయన కుంచె గీతతో పోలుస్తారు: కాగితాన్ని తాకకముందు గాలిలో చెయ్యి కదిలేది కూడా గీతలో భాగమేనట.

నాకు తేడా అక్కడే కనిపిస్తుంది. తకెమిత్సు దగ్గర రెండు లోకాలూ పక్కపక్కన ఉంటాయి. హొసొకవా దగ్గర పాశ్చాత్య వాద్యమే జపాన్ పద్ధతిలో శ్వాసించడం నేర్చుకుంటుంది. మేళవింపు అన్న మాటకు ఇదే దగ్గర. నాటకం ఇష్టమైనవాళ్లయితే 'నో' అనే జపాన్ సంప్రదాయ నాటకం ఆధారంగా హొసొకవా చేసిన ఒపెరా 'మత్సుకాజే' (2011) నుంచి మొదలుపెట్టవచ్చు.

ఒక్క మాట. 'ల్యాండ్‌స్కేప్ 5'ను ఫోన్ స్పీకర్లో వినకండి. మొదటి స్వరం చాలా సన్నగా మొదలవుతుంది. రాత్రి, ఫ్యాన్ ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.