మియాజాకీ కావాలా, మన ఊరి జలాలు మామిడి కావాలా? బెంగళూరు పెరటికి ఏ మామిడి మేలు

బెంగళూరులో 30×40 సైటులో ఇల్లు కట్టుకున్న మనవాళ్లకు మామిడి మొక్క అనగానే వచ్చే ఆలోచన ఒకటే. బంగినపల్లి బజార్లో ఎలాగూ దొరుకుతుంది, రసాలు ఊరి నుంచి పెట్టెల్లో వస్తాయి, మరి ఉన్న ఒక్క చోటులో ఎవరి దగ్గరా లేనిది పెట్టుకుందాం అని. కోరిక మంచిదే. తీర్చుకునే దార్లు నాలుగున్నాయి. విదేశం నుంచి తెప్పించుకోవచ్చు, ఇక్కడి నర్సరీలో విదేశీ పేరుతో అమ్మే అంటు కొనొచ్చు, పరిశోధన సంస్థలు తయారుచేసిన రకం పెట్టుకోవచ్చు, ఊళ్లో మిగిలిన పాత చెట్టు నుంచి కొమ్మ తెచ్చి అంటు కట్టుకోవచ్చు. నేల ఉన్నవాళ్లకైతే నా ఓటు నాలుగోదానికే. మేడ మీద డ్రమ్ములో పెంచేవాళ్ల లెక్క వేరు, అదీ చెప్తాను.

ముందు విదేశాల సంగతి. థాయ్‌లాండ్ వెళ్లొస్తూ రెండు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకొస్తే ఏమవుతుందిలే అని చాలామంది అడుగుతారు. తేకూడదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం నాటుకునే మొక్కకైనా కొమ్మకైనా ముందే ఇంపోర్ట్ పర్మిట్ తీసుకోవాలి, మొక్కకు చీడపీడలు లేవని ఆ దేశపు అధికారులు ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, ఇక్కడ దిగాక తనిఖీ జరగాలి. వేళ్లకు మట్టి అంటుకుని రాకూడదు. ఆ పంట, ఆ దేశం ఆర్డర్ జాబితాల్లో లేకపోతే ముందు చీడపీడల ముప్పు మీద అధ్యయనం జరగాలి. వచ్చిన మొక్కల్ని అధికారులు ఒప్పుకున్న చోట విడిగా పెంచి, కనిపెట్టి చూసే ఏర్పాటూ ఉండాలి. పరిశోధన కోసం తెచ్చేవాటికి ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ, ఎన్‌బీపీజీఆర్, పర్మిట్ ఇస్తుంది. ఒక్క చెట్టు కోసం ఇంట్లోవాళ్లు నడవగలిగే దారి కాదిది.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే గుంటూరు మిర్చి రైతును అడగండి. 2021లో పూతను పూతలాగే రాల్చేసిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియాది. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 2015లో, ఈ బెంగళూరులోనే, బొప్పాయి మీద. మొక్కలతో పాటే దేశాలు దాటే పురుగు అది, ఆరేళ్లకు మిరప చేలు ఊడ్చేసింది. మామిడిలో టెంక పురుగుదీ అదే తీరు. పిందె మీద గుడ్డు పెడుతుంది, ఆ గాయం మానిపోతుంది, కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, పురుగు టెంకలో పెరుగుతుంది. ఇలాంటి పురుగుల భయంతోనే అమెరికా మన మామిడిని 2007 దాకా రానివ్వలేదు, ఆ తర్వాతా రేడియేషన్ చేసిన పండ్లనే తీసుకుంటోంది. వాళ్లు అంత జాగ్రత్తపడుతుంటే కోలారు జిల్లా శ్రీనివాసపురం మామిడి తోటల పక్కన ఉన్న మనం సూట్‌కేసు తెరవడం న్యాయం కాదు.

ఇక నర్సరీలో దొరికే విదేశీ పేర్లు. కడియం నుంచి హోసూరు రోడ్డు దాకా ఇప్పుడు ఎక్కడ చూసినా మియాజాకీ బోర్డే. మియాజాకీ జపాన్‌లో ఒక జిల్లా, ఆ పేరుతో రకమేమీ లేదు. అక్కడి పండు అసలు రకం అర్విన్. ఫ్లోరిడాలో 1939లో నాటిన లిప్పెన్స్ అనే రకం టెంక నుంచి వచ్చింది, 1949లో పేరు పెట్టారు. గ్రీన్‌హౌస్‌లో పెంచి, కాయకు వల కట్టి, తనంతట తాను వలలో రాలేదాకా ఆగి, బరువు 350 గ్రాములు, చక్కెర కొలతలో తీపి 15 డిగ్రీలు దాటినవాటికే ‘సూర్యుడి గుడ్డు’ ముద్ర వేస్తారు. లక్షలు పలికేది ఆ ముద్రకు, ఆ సేవకు. నర్సరీవాళ్లు నిజాయితీగా ఇచ్చినా మీకు వచ్చేది అర్విన్ మొక్క, అంతే. చూడ్డానికి అందమైన పండే గానీ వేలకు వేలు పోసి కొనాల్సిన మొక్క మాత్రం కాదు. పైగా లిప్పెన్స్ తల్లి హేడెన్ అని, హేడెన్ తల్లి 1889లో మన దేశం నుంచి ఫ్లోరిడా వెళ్లిన ముల్గోబా అని అక్కడి రికార్డులే చెబుతున్నాయి. మూడు తరాలు వెనక్కి వెళితే మన చెట్టే!

విదేశీ రకాల్లో ఒక్కటి పెట్టుకోమంటే నేను నామ్ డాక్ మాయ్ అంటాను. థాయ్ రకం, నర్సరీల్లో ఇప్పటికే ఉంది, పచ్చికాయా పండూ రెండూ బాగుంటాయి. దీని టెంకలో ఒకటికి మించి మొలకలు వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం తల్లి పోలికే. మన బంగినపల్లి, రసాల టెంక నాటితే తల్లి పోలిక రాదు, అంటు కట్టాల్సిందే. అందుకే ఏ నర్సరీలోనైనా డబ్బిచ్చే ముందు మొక్కను చేతిలోకి తీసుకుని కాండం చూడండి. మొదట్నుంచి జానెడు ఎత్తులోపు అతుకు ఉండాలి. ఏటవాలుగానో ‘వి’ ఆకారంలోనో గీత, అక్కడ చిన్న ఉబ్బు, పైనా కిందా బెరడు రంగులో తేడా కనిపించాలి. అతుకు కింద నుంచి చిగురు వచ్చి, పై కొమ్మ ఎండి ఉంటే బోర్డు మీద ఏ పేరున్నా అది నాటు మొక్కే.

డ్రమ్ములో పెంచేవాళ్లకు మూడో దారే సరైనది. ఢిల్లీలోని పూసా పరిశోధన సంస్థలో దశేరి, నీలం కలిపి తీసిన ఆమ్రపాలి గుబురుగా, పొట్టిగా పెరుగుతుంది. తోటలో రెండున్నర మీటర్ల ఎడంతో హెక్టారుకు 1,600 మొక్కలు పెట్టేంత చిన్నది, పైగా ఏటా కాస్తుంది. మన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్‌లో పుట్టిన అర్క అరుణ బంగినపల్లికి ఆల్ఫాన్సో కలిపి తీసిన పొట్టి రకం. సంగారెడ్డి పరిశోధన స్థానం మంజీరకు తల్లిదండ్రులు రుమానీ, నీలం. ఎర్ర రంగు మీద మోజుంటే పూసా అరుణిమ ఉంది, ఆమ్రపాలిని ఫ్లోరిడా రకం సెన్సేషన్‌తో కలిపి చేసింది. ఎర్రటి పండు కోసం సూట్‌కేసు దాకా వెళ్లనక్కర్లేదని నేననేది ఇందుకే. పదేళ్ల తర్వాత చెట్టు ఎంత ఉంటుందో ముందే తెలిసిన మొక్కలివి. నర్సరీ పేర్లలో ఆ భరోసా లేదు.

నేల ఉంటే మాత్రం నాలుగో దారి. జలాలు, తెల్ల గులాబి, కొత్తపల్లి కొబ్బరి, పంచదార కలశ, ఆజం ఉస్ సమర్: వీటిలో ఎన్ని బజార్లో చూశారు? పెట్టెలో పేర్చి దూరం పంపడానికి, జ్యూసు ఫ్యాక్టరీకి పనికొచ్చే రకాలే తోటల్లో మిగులుతున్నాయి. ప్లాట్లు వేసిన ప్రతి పాత తోటతో పాటు పేరు కూడా తెలియని రకాలు పోతున్నాయి. అరుదైనది కావాలంటే ఇంతకన్నా అరుదైనది జపాన్‌లో లేదు. ఆవకాయకు జలాలు ముక్క ఎలా నిలుస్తుందో తెలిసిన ఇంట్లో ఆ చెట్టు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. కర్ణాటకలోని మలెనాడువాళ్లు తమ అప్పెమిడి ఊరగాయ మామిడికి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు, వాగుల పక్కన చెట్లు వెతికి అంటు కట్టి కాపాడుతున్నారు. ఆ పని మనం మన చెట్లకు చెయ్యొచ్చు.

పని కష్టం కాదు, వరస తప్పకూడదంతే. కొమ్మ కోయడానికి వారం పది రోజుల ముందు ఊళ్లో పెద్దమ్మకో బాబాయికో ఫోన్ చేసి, బాగా కాసే కొమ్మల్లో పెన్సిలంత లావున్న మూడు నాలుగు నెలల రెమ్మలు చూపించి, కాడ వదిలి ఆకులు కత్తిరించమనాలి. కాడలు రాలి, కొన మొగ్గ ఉబ్బినప్పుడు కోసి, తడిగుడ్డలో చుట్టి, పైన పాలిథిన్ కవరు వేస్తే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ నుంచి బెంగళూరుకు భేషుగ్గా వస్తాయి. మూడు నాలుగు రోజుల్లో కట్టెయ్యాలి. ఇక్కడ ముందు ఏడాది నాటిన టెంక మొక్క సిద్ధంగా ఉండాలి. దాని తల కోసి నిలువుగా చీల్చి, రెమ్మ మొదలు చీలలా చెక్కి దింపి, కనీసం ఒకవైపు బెరడుకు బెరడు కలిసేలా పాలిథిన్ పట్టీతో బిగించి, పైన పెప్సీ ఐస్ కవరు తొడగాలి. కవరు లోపల చిగురు కనపడ్డాక కవరు తీసెయ్యాలి. బెంగళూరులో జూలై, ఆగస్టు తేమ దీనికి బాగా కలిసొస్తుంది. చేత కాదనుకుంటే శ్రీనివాసపురం వైపు అంటు కట్టేవాళ్లుంటారు, అక్కడ మన తెలుగులోనే మాట్లాడుకోవచ్చు.

ఈ దారిలో ఇబ్బందులూ ఉన్నాయి. పాత రకాలు చాలావరకు పెద్ద చెట్లవుతాయి, ఏటా కోత అయ్యాక కొమ్మలు కత్తిరించాలి. ఇమామ్ పసంద్ లాంటివి కాపులో పిసినారివి. తల్లి చెట్టుకు ఉన్న తెగులు కొమ్మతో పాటు వస్తుంది కాబట్టి పూత ముద్దకట్టిన చెట్టు నుంచి కొమ్మ తీసుకోకూడదు. మొదటి రెండేళ్లు పూత వస్తే తుంచెయ్యాలి, మనసు రాకపోయినా. మూడు నాలుగేళ్లకు కాయలు చూడొచ్చు, అదీ రోజుకు ఆరు గంటలైనా ఎండ తగిలితేనే. మూడు వైపులా అపార్ట్‌మెంట్లు లేచిన సైటులో ఏ మామిడీ పెట్టొద్దు, అక్కడ కరివేపాకు పెట్టుకుని మే, జూన్‌లలో లాల్‌బాగ్ మామిడి మేళాకు వెళ్లండి.