ఆకుపచ్చ టిక్కు పడితే సరిపోతుందా?

నాలుగేళ్లుగా నీటి పైప్‌లైన్ల లెక్కలన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌తో చేస్తున్నాను. లెక్క కుదరగానే స్క్రీన్ మూలన ఆకుపచ్చ టిక్కు పడుతుంది. నా కోపమంతా దాని మీదే.

మొదట్లో తెగ మెచ్చుకున్నాను. 10 కిలోమీటర్ల స్టీలు లైను, లోపలి వ్యాసం 300 మిల్లీమీటర్లు. పంపు లేదు, పై ట్యాంకు నుంచి కింది ట్యాంకుకు సెకనుకు 100 లీటర్లు రావాలి. పైపు లోపలి గోడ గరుకుదనం 0.045 మిల్లీమీటర్లు తీసుకుని, పైపుల్లో ఘర్షణను లెక్కించే డార్సీ-వైస్‌బాక్ సూత్రంతో కాగితం మీద వేస్తే ఘర్షణ నష్టం, అంటే గోడల రాపిడికి ఖర్చయ్యే నీటి ఎత్తు, దాదాపు 52 మీటర్లు. స్క్రీన్ మీదా అంతే. రెండు ట్యాంకుల నీటి మట్టాల తేడా కూడా 52 మీటర్లే. ఇంకేం కావాలి!

తీరా లైను వదిలితే ప్రవాహం కొలిచే మీటరు సెకనుకు 89 లీటర్ల దగ్గరే ఆగింది. రెండు రోజులు మీటరునే తిట్టుకున్నాం. మూడో రోజు లైను వెంట నడుస్తుంటే ఆరున్నర కిలోమీటర్ల దగ్గర ఒక మిట్ట మీద, పైపులోని గాలిని బయటికి వదలాల్సిన ఎయిర్ వాల్వు బుస్సుమంటోంది. చెయ్యి అడ్డం పెడితే అరచేతిని లోపలికి లాగింది. గాలి బయటికి పోవడం లేదు, లోపలికి వెళ్తోంది.

ఎత్తులు మేం కిలోమీటరుకొకటే ఇచ్చాం. ఆరుకీ ఏడుకీ మధ్య సాఫ్ట్‌వేర్ తిన్నగా గీత గీసేసుకుని, అక్కడ 11 మీటర్ల నీటి ఎత్తంత పీడనం ఉందంది. మిట్టేమో ఆ గీత కంటే 18 మీటర్లు ఎత్తు. అంటే వాతావరణ పీడనం కంటే 7 మీటర్లు తక్కువ. గాలి చొరబడ్డాక మిట్ట దాకా నీటిని నడపడానికి మిగిలింది 27 మీటర్లే. సెకనుకు 100 లీటర్లు అక్కడిదాకా రావాలంటే ఘర్షణకే 34 కావాలి. నా కాగితం లెక్కకు ఇది దొరకలేదు, అందులో మధ్య ఎత్తుల ఊసే లేదు కదా!

టిక్కుకు అర్థం సమీకరణాలు కుదిరాయని మాత్రమే. మేం ఇచ్చిన ఎత్తులు సరైనవో కాదో దానికేం తెలుసు? ఇప్పుడు ప్రతి మోడల్‌నీ ముందు ప్రవాహం సున్నా పెట్టి నడుపుతాను. ప్రతి పాయింటు దగ్గరా ట్యాంకు మట్టానికీ నేల ఎత్తుకీ ఉన్న తేడాయే పీడనంగా రావాలి. ఆ అంకెలను సర్వే కాగితాలతో పోల్చి చూస్తాను. మిట్టలన్నీ విడిగా ఎక్కిస్తాను. కాగితం లెక్క మానలేదు గానీ, యూనిట్ల తప్పులు పట్టడానికే.

నేను వాడింది నీళ్లకే, గ్యాస్ లైన్ల వాళ్లు నా మాట పట్టించుకోనక్కర్లేదు. వేరేదానికి మారతానా అంటే, ఇప్పట్లో లేదు. నాలుగేళ్ల ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి మరి.