16 జీబీ అని చెప్పి అమ్ముతున్న పాత ల్యాప్‌టాప్‌తో జాగ్రత్త

శ్రీకాకుళంలో పిల్లల చదువు కోసం పాత ల్యాప్‌టాప్ కొనబోతున్నవారు డబ్బు చేతులు మారకముందే ఇది చదవండి. నేను లెక్కల మాస్టారిని. మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. గత నెలలో తన కోసం 21,500 రూపాయలకు ఒక ల్యాప్‌టాప్ కొన్నాను. పైన 16 జీబీ అని స్టిక్కరు. అంత ర్యామ్, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు ఉండే వేగమైన మెమరీ, ఉందనుకున్నాను. లోపల విండోస్‌కు బదులు ఉబుంటు అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. దానికి తోడు ఇంకో 1,500 రూపాయలు ‘కెర్నెల్ ట్యూనింగ్’ కింద, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను సరిచేసినందుకని, తీసుకున్నారు. “మాస్టారూ, ఇక దీనిలో పేజీ ఫాల్టులే రావు” అన్నాడు దుకాణదారు. మనకు ఫాల్ట్ అంటే కరెంటు లైన్ ఫాల్టే గుర్తొస్తుంది. రాకపోతే మంచిదే కదా అనుకుని ఇచ్చేశాను.

ఇంటికి తెచ్చాక ఆండ్రాయిడ్ స్టూడియో (ఫోన్ యాప్‌లు తయారుచేసే ప్రోగ్రామ్), పక్కన బ్రౌజర్ తెరిచేసరికి బాణం గుర్తు కూడా కదలలేదు. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది. అమ్మాయి టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, మెమరీ ఎంత ఉందో చూపే ‘ఫ్రీ’ అన్న ఆదేశం ఇచ్చింది. మెమ్ అనే వరుసలో ఉన్నది 4 జీబీ లోపే. మిగిలిన 12 జీబీ స్వాప్ వరుసలో ఉంది. అంటే అది అసలు ర్యామ్ కాదు, ర్యామ్ చాలనప్పుడు వాడుకోవడానికి నిమిషానికి 5,400 సార్లు తిరిగే పాత హార్డ్ డిస్కులో కేటాయించిన ఫైలు. రెండూ కూడి 16 అని అమ్మారు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, పెంచుదామంటే స్లాటు కూడా లేదు.

పేజీ ఫాల్ట్ అంటే యంత్రం చెడిపోవడం కాదని ఆ రోజే తెలుసుకున్నాను. ప్రోగ్రాములు మెమరీని సాధారణంగా 4 కేబీ పేజీలుగా వాడుకుంటాయి. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు అన్ని పేజీలూ ఒక్కసారే రావు, అడిగినప్పుడే వస్తాయి. ఆ అడగడమే పేజీ ఫాల్ట్. పేజీ అప్పటికే ర్యామ్‌లో ఉంటే కెర్నెల్ పట్టికలో ఒక నమోదు రాసి పంపేస్తుంది. దాన్ని మైనర్ ఫాల్ట్ అంటారు, మనకు తెలియనే తెలియదు. డిస్కు నుంచి తేవలసి వస్తే అది మేజర్ ఫాల్ట్. ర్యామ్‌ను అందుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు, ఆ డిస్కుకు సుమారు 10 మిల్లీసెకన్లు. లక్ష రెట్లు! వంటింట్లో పోపుల డబ్బా అందుకోవడానికి రెండు సెకన్లు పడుతుందనుకుంటే, ఇక్కడ దాని కోసం రెండు రోజుల ఏడు గంటలు కూర్చోవాలి. మేజర్ ఫాల్టుల లెక్క మా యంత్రంలో ఒక్క నిమిషంలో 4,000కు పైగా పెరిగింది. ఒక్కోదానికి 10 మిల్లీసెకన్లు వేసుకుంటే ఆ 60 సెకన్లలో 40 సెకన్లు డిస్కు కోసం ఎదురుచూపే.

మరి ఆ ట్యూనింగ్? కెర్నెల్ మామూలుగా అందరికీ వచ్చేదే. ర్యామ్‌లోని పేజీలను స్వాప్‌కు పంపడానికి ఎంత మొగ్గు చూపాలో చెప్పే స్వాపీనెస్ అనే ఒక్క అంకెను 60 నుంచి 100కు మార్చారు. దాంతో పేజీలు ఇంకా తొందరగా డిస్కుకు వెళ్తాయి. మా డబ్బుతో మా యంత్రాన్నే ఇంకా నెమ్మదింపజేశారు. నాకు అన్నింటికన్నా కోపం వచ్చింది అందుకే.

పేజీ ఫాల్టుల ఖర్చు తగ్గించే నిజమైన పని లినక్స్ కెర్నెల్‌లో చాలా జరిగింది. ఒక ఫాల్ట్ వచ్చినప్పుడు, ర్యామ్‌లో ఇప్పటికే ఉన్న చుట్టుపక్కల ఫైలు పేజీలను కూడా 64 కేబీ మేర కలిపి చూపించేస్తారు. 4 కేబీ పేజీలు 512కు బదులు 2 ఎంబీ పెద్ద పేజీ ఒక్కటి ఇస్తారు. ర్యామ్ నుంచి ఏ పేజీని బయటికి పంపాలో మెరుగ్గా ఎంచుకునే పద్ధతి 2022లో కెర్నెల్ 6.1 వెర్షన్‌లో వచ్చింది. ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు (త్రెడ్లు) ఎన్నో ఉన్నప్పుడు, మెమరీ పట్టికలను ముట్టుకోవడానికి అవన్నీ ఒకే తాళం కోసం వరుసలో నిలబడకుండా చేసే మార్పు 2023లో 6.4 వెర్షన్‌లో వచ్చింది. ఇవన్నీ కెర్నెల్‌తో పాటు ఉచితంగా వచ్చేవే. వీటిలో ఏదీ 4 జీబీని 16 చేయదు. పేజీ ఫాల్టులు పూర్తిగా ఆపేశామని ఎవరైనా అంటే నమ్మకండి, అవి లేకుండా ప్రోగ్రామే నడవదు.

కొనేముందు దుకాణంలోనే టెర్మినల్ తెరిపించి ‘ఫ్రీ’ కొట్టించండి, మెమ్ వరుస మాత్రమే చూడండి. బిల్లులో ‘ర్యామ్’ అని విడిగా రాయించుకోండి. మా బిల్లులో ‘16 జీబీ మెమరీ’ అని ఉంది, ఆ మాట పట్టుకునే డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము లేదు, గడువు రెండేళ్లు.

నిన్న మళ్లీ ఆ దుకాణానికి వెళ్తే అదే స్టిక్కరుతో ఇంకో మూడు కనిపించాయి. టెక్కలి నుంచి వచ్చిన దంపతులు కొడుకు కోసం ఒకటి చూస్తున్నారు. నేను చెప్పగానే ఆ పిల్లవాడే ఆదేశం కొట్టాడు. మెమ్ వరుసలో 3.7 కనిపించింది. వాళ్లు కొనకుండానే వెళ్లిపోయారు.