లేని చిప్పులతో మూడేళ్లు: యూ-బూట్ శాండ్‌బాక్స్, క్యూఎము

మా ఆఫీసు బెంగళూరులో ఉంది. నేను పనిచేసేది విజయనగరంలో, దాసన్నపేట ఇంటి మేడ మీది గదిలో. 2022లో కొత్త బోర్డు తయారైనప్పుడు మొదటి విడతలో వచ్చినవి ఐదే. నా వంతు బోర్డు సరిగ్గా సిరిమానోత్సవం నాటికి ఊళ్లో దిగింది. ఆ రోజు కోట చుట్టూ ఇసుక వేస్తే రాలని జనం. పొట్లం మా ఇల్లు చేరడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. ఊరికే కూర్చోలేక ఆ మూడు రోజుల్లో మొదలుపెట్టిన పని ఇప్పటికీ సాగుతోంది. చిప్ చేయాల్సిన పనిని ఒక ప్రోగ్రామ్‌తో చేయించి, బూట్‌లోడర్ (పవర్ రాగానే బోర్డులోని అసలు సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) డ్రైవర్లను, అంటే చిప్పులతో మాట్లాడే కోడ్‌ను, దాని మీద పరీక్షించడం. అందుకు నేను వాడేవి రెండు: మా బూట్‌లోడర్ అయిన యూ-బూట్‌లోనే ఉన్న శాండ్‌బాక్స్, దాంతోపాటు వేరే ప్రాసెసర్‌ను, బోర్డును అనుకరించే క్యూఎము.

శాండ్‌బాక్స్ అంటే యూ-బూట్‌ను ఏ బోర్డు కోసమూ కాకుండా మామూలు లినక్స్ ప్రోగ్రామ్‌గా కంపైల్ చేయడం. టెర్మినల్‌లో పేరు కొడితే క్షణంలో బూట్‌లోడర్ ప్రాంప్ట్ వస్తుంది. పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడు మొదటిసారి చూసి, "బాబాయ్, బోర్డేదీ?" అని బల్ల కిందికి కూడా వంగి వెతికాడు. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో చెప్పే జాబితాలో) చిప్పులను కలిపే ఐ2సీ బస్సు ఉంటుంది, దాని మీద ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్ ఉంటుంది, దానికి జవాబులు చెప్పేది మాత్రం ఒక చిన్న సీ ఫైలు. డ్రైవర్‌కు ఆ సంగతి తెలియదు. బూట్‌లోడర్ నిలవ ఉండే ఎస్పీఐ ఫ్లాష్ చిప్ అయితే డిస్కు మీది మామూలు ఫైలే. రాసిన బైట్లు సరిగ్గా పడ్డాయో లేదో ఆ ఫైలు తెరిచి చూసుకోవచ్చు.

దీనివల్ల నాకు కలిగిన అసలు లాభం బోర్డు ఖర్చు తప్పడం కాదు, చిప్‌ను కావాలనుకున్నప్పుడు చెడగొట్టగలగడం. నిజం చిప్ మంచిది, అడిగినప్పుడల్లా జవాబిస్తుంది. డ్రైవర్‌లో 'జవాబు రాకపోతే' అని మనం రాసుకున్న సగం కోడ్ ఒక్కసారీ నడవకుండానే కస్టమర్ దగ్గరికి వెళ్లిపోతుంది. ఉష్ణోగ్రత సెన్సర్ కోసం నేను రాసిన ఎమ్యులేటర్‌లో (దానిలా నటించే ప్రోగ్రామ్‌లో) ఒక అంకె పెట్టాను: ఇన్నో పిలుపు తర్వాత మూగబోవాలి. మూడో పిలుపుకు మూగబోగానే నా డ్రైవర్ అనంతంగా తిరుగుతూ కూర్చుంది. టైమౌట్ లెక్క లూప్‌కు బయట పెట్టానని అప్పుడు గానీ కనిపించలేదు. పైగా మామూలు ప్రోగ్రామే కాబట్టి మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ కింద నడపవచ్చు. బఫర్ దాటి ఒక్క బైటు చదివినా లైను నంబరుతో సహా పట్టిస్తుంది. బోర్డు మీద ఇంత వైభోగం ఎక్కడిది?

చికాకులూ ఉన్నాయి. శాండ్‌బాక్స్‌లో 'మెమరీ' అంటే ఆ ప్రోగ్రామ్ తనకోసం తీసి పెట్టుకున్న ఒక ముక్క. అడ్రసును నేరుగా పాయింటర్‌గా మార్చితే పడిపోతుంది, మ్యాప్ ఫంక్షన్ మీదుగా వెళ్లాలి. మొదట్లో విసుక్కున్నాను, తర్వాత అదే శుభ్రమైన అలవాటైంది. ఇంకొకటి, నా ల్యాప్‌టాప్ 64 బిట్లది, మా బోర్డు 32 బిట్లది. లాంగ్ అనే రకం ఇక్కడ ఎనిమిది బైట్లు, అక్కడ నాలుగు. ఇక్కడ హాయిగా నెగ్గిన లెక్క అక్కడ పొంగిపొర్లిన సందర్భాలు రెండున్నాయి.

ఆ తేడా కోసమే క్యూఎము. ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు 2003 నుంచీ ఉంది. ఇది మా బోర్డు ప్రాసెసర్ రకమైన ఆర్మ్ ఇన్‌స్ట్రక్షన్లనే నడుపుతుంది కాబట్టి బోర్డుకు వెళ్లే బైనరీనే దాదాపుగా ఇందులోనూ పెట్టవచ్చు. మా బోర్డు నమూనా అందులో లేదు. దగ్గరి చుట్టమైన శాబ్రెలైట్ అనే బోర్డు నమూనాను తీసుకుని, ఫ్లాష్ చిప్ పేరు మార్చుకున్నాను. జీడీబీ అనే డీబగ్గర్ తగిలించి మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఆపవచ్చు. ఫ్లాష్‌లో చెరపకుండా మళ్లీ రాస్తే నిజం చిప్ నోరెత్తదు, పాత బిట్లూ కొత్త బిట్లూ కలగలిపి ఉంచుకుంటుంది. క్యూఎములో ట్రేస్ పెట్టుకుంటే, సున్నాను ఒకటిగా మార్చబోయావని అడ్రసుతో సహా చెబుతుంది. (దీని టెర్మినల్ నుంచి బయటపడటానికి కంట్రోల్-ఏ నొక్కి ఎక్స్ కొట్టాలి. అది తెలియక మొదటి వారమంతా విండోలే మూసేశాను.)

ఇక ఈ పద్ధతి పట్టలేని తప్పులు. క్యూఎములో క్యాష్ (ప్రాసెసర్ డేటా నకలు దాచుకునే వేగమైన మెమరీ) అనేదే ఉండదు. డీఎంఏకు, అంటే చిప్ నేరుగా మెమరీతో డేటా మార్చుకునే పనికి, ముందు క్యాష్‌ను ఖాళీ చేయడం మరిచిపోయినా అంతా సవ్యంగా నడుస్తుంది. బోర్డు మీద మాత్రం పాత డేటా వస్తుంది. ఫ్లాష్ సెక్టర్ చెరపడం ఇక్కడ తక్షణం అయిపోతుంది, చిప్‌కు పదుల మిల్లీసెకన్లు కావాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు, డ్రైవర్ రాసిందీ నేనే, ఎమ్యులేటర్ రాసిందీ నేనే. డేటాషీట్‌లో ఒక వాక్యం తప్పుగా అర్థం చేసుకుంటే రెండు చోట్లా అదే తప్పు. నా పరీక్ష పేపరు నేనే దిద్దుకున్నట్టు.

నన్ను బాగా దెబ్బకొట్టింది మాత్రం రీసెట్. మా ఫ్లాష్ 32 మెగాబైట్లది. మూడు బైట్ల అడ్రసుతో 16 మెగాబైట్లే అందుతాయి కాబట్టి, నా డ్రైవర్ చిప్‌ను నాలుగు బైట్ల మోడ్‌లోకి మార్చేది. క్యూఎములో వందల సార్లు రీసెట్ చేశాను, ప్రతిసారీ లేచింది. బెంగళూరు నుంచి ఫోను: "సార్, పవర్ తీసి పెడితే లేస్తోంది, రీసెట్ నొక్కితే చచ్చిపోతోంది." రెండు రాత్రులు పట్టింది అర్థం కావడానికి. క్యూఎములో రీసెట్ అంటే ఫ్లాష్‌తో సహా అన్నీ మొదటికి వస్తాయి. మా బోర్డులో రీసెట్ తీగ ప్రాసెసర్‌కే ఉంది, ఫ్లాష్‌కు లేదు. ప్రాసెసర్‌లోని బూట్ రోమ్ (ఫ్లాష్ నుంచి బూట్‌లోడర్‌ను చదివే చిన్న కోడ్) మూడు బైట్ల అడ్రసు పంపుతుంది, చిప్ నాలుగో బైటు కోసం చూస్తుంది, ఇక వచ్చేదంతా చెత్తే. రీసెట్‌కు ముందు మోడ్ మార్చి వెళ్దామంటే, వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ బిగుసుకుపోతే తానే రీసెట్ చేసే టైమర్) కొట్టినప్పుడు ఆ కోడ్ నడవదు. చివరికి మోడ్ జోలికే పోకుండా, నాలుగు బైట్ల అడ్రసును తానే తీసుకునే హెక్స్ 13 అనే రీడ్ కమాండ్‌కు మారాను.

ఆ తర్వాత క్యూఎము ఫ్లాష్ ఫైలులో, రీసెట్ సమయంలో ఆ మోడ్‌ను చెరిపేసే ఒక్క లైను తీసేశాను. బూట్ రోమ్‌లా మూడు బైట్లతో చదివే చిన్న ప్రోగ్రామ్ ముందు పెట్టి పాత డ్రైవర్‌ను నడిపితే, మొదటి రీసెట్‌కే పడిపోయింది. ఆ లైను తీసేసిన ప్యాచ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. క్యూఎము కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని ముందు అతికించి, ఆ తర్వాతే మిగతా పని.