బొమ్మ నచ్చి కొన్నవి, కాగితం చూసి కొన్నవి: నాలుగేళ్ల ప్లానర్ స్టిక్కర్లు

మొన్న నా మొదటి ప్లానర్ తీసి చూశాను. మార్చి పేజీ దగ్గర రెండు కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి. మెల్లగా విడదీస్తే, ఎదురు పేజీలో నేను రాసుకున్న రెండు అక్షరాలు ఊడి స్టిక్కర్ అంచుకు అంటుకుని వచ్చాయి. అది ముచ్చటపడి కొన్న పారదర్శక పువ్వుల స్టిక్కర్. చుట్టూ జిగురు ఊరి, దానికి దుమ్ము పట్టి నల్లటి గీత కట్టింది. ఆ పక్కనే ఉన్న వాషి (పల్చటి జపాన్ రకం కాగితం) ఆకుల స్టిక్కర్లు మాత్రం అతికించిన రోజు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

అందుకే ఇప్పుడు బొమ్మకన్నా ముందు అది దేని మీద అచ్చయిందో చూస్తాను. వాషి పల్చగా ఉంటుంది, పుస్తకం ఉబ్బదు. వంకరగా పడినా వెంటనే లేపి సరిచేసుకోవచ్చు. కాకపోతే కింద గీతలు, రాత కనిపిస్తాయి. తప్పు రాసినచోట కప్పేయడానికి పనికిరాదు, దానికి మందమైన తెల్ల కాగితం స్టిక్కరే కావాలి. వినైల్, అంటే ప్లాస్టిక్ స్టిక్కర్, నీళ్ల సీసాకో లాప్‌టాప్‌కో బాగుంటుంది. పేజీలో వేస్తే ఆ చోట బిరుసెక్కి, కాగితం దాని అంచు వెంబడే మడత పడుతుంది. జపాన్ కంపెనీ హోబోనిచి ప్లానర్లలో వాడే టోమోయె రివర్ లాంటి కాగితం చదరపు మీటరుకు 52 గ్రాములే. దాని మీద గట్టి జిగురున్నది వేసి లాగితే పేజీ చిరిగి చేతికొస్తుంది. నాకు ఒక పుట్టినరోజు పేజీ అలాగే పోయింది, ఇప్పటికీ బాధే.

మెరుపు స్టిక్కర్ల మీద జెల్ పెన్ను ఆరదు. నిమిషం ఆగి వేలు తగిలినా అలుక్కుపోతుంది. రాయాల్సిన స్టిక్కరైతే మెరుపులేని మ్యాట్ తప్ప వేరే ఆలోచనే వద్దు.

కొలత సంగతి. ఫొటోలో అన్నీ ముద్దుగానే ఉంటాయి. రోజుకో పేజీ ఉండే హోబోనిచి ప్లానర్లో గడి 3.7 మిల్లీమీటర్లు, అందులో సెంటీమీటరు చుక్క స్టిక్కర్ వేస్తే దాదాపు మూడు గళ్లు మింగేస్తుంది. ఆర్డర్ పెట్టేముందు స్కేలుతో ఆ సైజు కాగితం ముక్క కత్తిరించి పేజీ మీద పెట్టి చూస్తాను. ఒకసారి ఒక చిన్న దుకాణం నుంచి తెప్పించిన షీట్లలో కోత సరిగా పడక, తీసిన ప్రతి బొమ్మకీ మూల చిరిగింది. అప్పటినుంచి కొత్తచోట ఒక్క షీటే తీసుకుంటున్నాను.

ఇన్నేళ్లలో నిజంగా అయిపోయినవి ఏవంటే రంగు చుక్కలు, తేదీల అంకెలు, చిన్న టిక్కు గళ్లు. పెద్ద పెద్ద బొమ్మలు, అరపేజీ దృశ్యాలు డబ్బాలోనే ఉన్నాయి, వాటికి తగ్గ రోజు రావాలని దాచాను. కొన్నింటి జిగురు ఎండిపోయింది కూడా. మిగిలినవాటిని ఎండ తగలకుండా ఫైల్లో పరిచి పెట్టాను, ఈ నెల నుంచి మామూలు సోమవారాలకే వాడేస్తున్నాను.